కుడిచేత్తో వడ్డించిన త్రినాథరావు

రాయగడ తెలుగువాళ్ళలో ఎవరింట శుభకార్యం జరిగినా త్రినాథరావుకి పిలుపు ఉండేది గాని పని ఉండేది కాదు. తక్కిన మగవాళ్ళంతా నడుముకి తువ్వాలు బిగించి పంక్తుల మధ్య బూరెలూ పులిహోరా వడ్డిస్తుంటే, ఆయన్ని తీసుకెళ్ళి మైకుసెట్టు పక్కన కూర్చోబెట్టేవారు. ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆయనది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు తాత ఆ ఎడమచేతిని లాగు బొందుతో నడుముకి కట్టేసి చూశాడు. బడిలో మాస్టారు కణుపుల మీద స్కేలుతో కొట్టి చూశాడు. నలభై ఆరేళ్ళు వచ్చినా, గరిటె అందుకోమంటే ఆ ఎడమచెయ్యే సిగ్గులేకుండా ముందుకొచ్చేది.

"నువ్వు వడ్డిస్తే తినీవోళ్ళెవర్రా?" అని షావుకారు చంద్రశేఖరం నలుగురిలోనూ అనేసేవాడు. ఆయన త్రినాథరావుకి వరసకి మేనమామ. టికిరి, బంధుగాం సంతల్లో చింతపండూ పసుపూ కొండచీపుళ్ళూ టోకున కొని కొండ కింద మైదానం ఊళ్ళకి పంపే వ్యాపారం ఆయనది. తెలుగువాళ్ళలో ఆయన మాటకి తిరుగులేదు.

అదే ఎడమచేత్తో త్రినాథరావు ఊళ్ళోవాళ్ళ టీవీలూ టేపురికార్డర్లూ మిక్సీలూ బాగుచేస్తే మాత్రం ఎవరికీ పట్టింపు లేదు. ఏ చేత్తో టంకం పెట్టారని మిక్సీ అడగదు కదా!

రెండువేల తొమ్మిదో సంవత్సరంలో ఆయనకి కొత్త పిచ్చి పట్టింది. డొరగుడలో కడుతున్న ఫ్యాక్టరీ దగ్గర ఒక కాంట్రాక్టరు క్వార్టర్లో డిష్ సరిచెయ్యడానికి వెళ్ళాడు. అక్కడ ఇంజనీర్లు చిన్న పెట్టెతో గోడ మీద బొమ్మలు వేసుకుని చూస్తున్నారు. అందరూ గోడకేసి చూస్తుంటే ఈయన పెట్టె వెనక్కి వెళ్ళి అరగంట నిలబడ్డాడు. తిరిగొచ్చి భార్యతో, "అందులో ఏటీ లేదు సత్తెభామా. దీపం, దాని ముందు బొమ్మ, దాని ముందు లెన్సు. మనవే సేసెయ్యొచ్చు" అన్నాడు.

"బొమ్మెక్కడిది?" అని అడిగింది సత్యభామ. అడగకుండా ఉండాల్సింది.

ఆవిడ తమ్ముడు ఎంతో ముద్దుగా ఇచ్చిన పదిహేనంగుళాల పలచటి టీవీ ఉండేది ఇంట్లో. ఆదివారం ఆవిడ గుడికి వెళ్ళి వచ్చేసరికి దాని వీపు ఊడి ఉంది. వెనకదీపాలు ఒక పక్క, తెల్లకాగితాలు ఒక పక్క, అద్దంలాంటి ఎల్‌సీడీ పలక మంచం మీద దిండు పైన. సత్యభామ రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆ ఖాళీ చట్రం గోడకి తగిలించి, అందులో వెంకటేశ్వరస్వామి పటం సరిగ్గా ఇమిడేట్టు పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళు అదేమిటంటే, "ఒక్కటే సానలు. రాత్రీపగలూ వస్తాది, కరెంటు కూడా అక్కర్లేదు" అనేది.

పెట్టె కోసం యాపిల్ పళ్ళు వచ్చిన చెక్కపెట్టె దొరికింది. మూతపడ్డ కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పాతసామాన్లలో, గాజుపలక మీద రాసింది గోడ మీద చూపించే పెద్ద మిషను ఒకటి ఉంది. దాని తలకాయలోని లెన్సు, కడుపులోని గీతల ప్లాస్టిక్ రేకు పీకి తెచ్చాడు. వంద వాట్ల ఎల్‌ఈడీ విశాఖపట్నం నుంచి తెప్పించాడు. చూస్తే బొటనవేలంత కూడా లేదు. వెలిగించి దానికేసి చూసినవాడికి గంటసేపు ఏది చూసినా పచ్చటి చుక్క కనిపించేది. వేడెక్కిపోకుండా దాని వీపుకి రెక్కల అల్యూమినియం దిమ్మ, ఆ దిమ్మకి కంప్యూటర్ ఫ్యాను బిగించాడు.

ఎల్‌సీడీ పలకకి బొమ్మ అందించే బోర్డు ఒక్కటీ ఇంకా రాలేదు. అయినా ఊరుకోలేక ఒకరోజు తలుపులేసి దీపం వెలిగించాడు. పలక మీద చీమ ఒకటి నడుస్తోంది. గోడ మీద దూడంత చీమ నడిచింది. సత్యభామ కెవ్వుమంది. వీధివీధంతా వచ్చి ఆ చీమని చూసి, దాని మీసాలు చూసి, భేష్ అని వెళ్ళారు. అది గోడ మీద తలకిందులుగా నడుస్తోందని ఎవరికీ తోచలేదు. చీమలు ఎలాగైనా నడుస్తాయి కదా.

ఈ చీమ సంగతి చంద్రశేఖరం చెవిన పడింది. ఆయన షష్టిపూర్తి జరిగి పదకొండు నెలలయింది. అందులో భార్య బాలామణికి మళ్ళీ తాళి కట్టాడు, రెండువందలమందికి భోజనాలు పెట్టాడు. ఆ వీడియో తీసినవాడు ఇవాళా రేపూ అని తిప్పి తిప్పి చివరికి అప్పుడే డీవీడీ తెచ్చిచ్చాడు. "ఇంట్లో టీవీలో నలుగురం సూసుకుంటే ఏటి గొప్ప? అందరికీ గోడ మీద సూపిద్దాం" అన్నాడాయన. ఆదివారం మధ్యాహ్నం ఆయన చింతపండు గోదాములో ఆట అని నిర్ణయమయింది.

ఆ షష్టిపూర్తిలో త్రినాథరావు చేసిన తప్పు ఒకటుంది. వడ్డనలో ఉన్న కన్నయ్య రసం మీద కాలుజారి పడ్డాడు. ఆ హడావిడిలో ఎవరూ గమనించకుండా త్రినాథరావు పులిహోర బేసిను అందుకుని ఒక పంక్తి మొత్తం వడ్డించేశాడు. ఎడమచేత్తోనే. జన్మలో అదే మొదటిసారి. ఆ ఐదు నిమిషాలూ తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకి సంతోషంతో ఒళ్ళు జలదరించేది. ఆ పంక్తి పక్కనే కెమెరావాడు ఉన్నాడని కూడా గుర్తుంది.

బోర్డు సరిగ్గా ఆ ఆదివారం పొద్దుటి పాసింజరులో దిగింది. గోదాము కిటికీలకి గోనెపట్టాలు కొట్టించి, సున్నం వేసిన గోడకి ఎదురుగా పెట్టె పెట్టి, అన్నీ బిగించి వెలిగిస్తే బొమ్మ తలకిందులుగా పడింది. బయట జనం చెప్పులు విప్పుతున్నారు. ఆలోచించే తీరిక లేదు. ఆయన పలక లాగి, గోడకున్న పటం తలకిందులుగా తగిలించినట్టు గిర్రున తిప్పి, మళ్ళీ గాడిలో దోపాడు. దాని ముఖం మాత్రం లెన్సు వైపే, అంటే జనం వైపే ఉంచాడు. పెద్దలకి వీపు చూపించకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాడు. బొమ్మ నిటారుగా నిలబడింది. హమ్మయ్య అనుకున్నాడు.

గోదాము నిండా జనం బస్తాల మీద సర్దుకున్నారు. పేర్లు పడే మొదటి భాగమంతా లెన్సు ముందుకీ వెనక్కీ జరపడంలో గడిచిపోయింది. అంచులు ఎంత చేసినా మసకే. మధ్యలో మాత్రం చంద్రశేఖరం పదడుగుల ఎత్తున నిగనిగలాడాడు. ఆడవాళ్ళు ఈలలు కూడా వేసేవారే, పెద్దవాళ్ళు లేకపోతే. పలక వేడెక్కి షావుకారుగారి ముక్కు మీద నల్లమచ్చ మొదలై ముఖమంతా పాకితే, సత్యభామ విసనకర్రతో పెట్టె లోపలికి విసిరి ఆయన్ని మళ్ళీ తెల్లబరిచింది.

అప్పుడు బస్తాల మధ్య నుంచి ఎవరో, "జంధ్యం సూడండి" అన్నారు.

అందరూ చూశారు. షావుకారుగారి జంధ్యం ఎడమ భుజం మీద ఉండాల్సింది, కుడి భుజం మీద ఉంది. పక్కనున్న అన్నదమ్ములవీ కుడి భుజం మీదే. తద్దినంలో తప్ప ఎవరూ వేసుకోని అపసవ్యం! పురోహితుడు గురువులు గారిది కూడా అంతే. ఆయన ఎడమచేత్తో అక్షింతలు వేస్తున్నారు. షావుకారు ఎడమచేత్తో తాంబూలం అందుకుంటున్నాడు. దంపతులు హోమం చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతున్నారు. షష్టిపూర్తి అనుకుని వచ్చినవాళ్ళకి పదడుగుల ఎత్తున కర్మకాండ కనిపించింది.

"ఏటండీ ఇది, నా పైట కుడిబుజం మీదుంది! నానెప్పుడేసుకున్నానలాగ?" అంది బాలామణి.

"కెమెరా కోసం మార్వాడీ కట్టు కట్టుకునుంటావు. నువ్వుండు" అన్నాడు చంద్రశేఖరం. గోదాము కప్పు కారడం, లారీ బోల్తా పడడం, తన మోకాలు వాయడం, పదకొండు నెలల్లో జరిగిందంతా ఒక్కొక్కటే ఆయనకి అర్థమైపోతోంది.

ఆ గోలలోనే గోడ మీద పులిహోర పంక్తి వచ్చింది. ఊరు ఊరంతా ఎడమచేత్తో తింటోంది. వాళ్ళ మధ్య ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి, చక్కగా కుడిచేత్తో వడ్డించుకుంటూ వస్తున్నాడు.

"త్రినాథం కదూ! అంతమందిలో బుద్ధిగా ఉన్నోడు ఆడొక్కడే" అన్నాడు చంద్రశేఖరం.

త్రినాథరావుకి ఏదో తేడా ఉందని అప్పుడే తెలిసింది. తన చెయ్యి తనకి తెలియదా? కానీ నూటయాభైమంది తలలు తిప్పి మెచ్చుకోలుగా చూస్తున్నారు. నలభై ఆరేళ్ళలో ఎవరూ అలా చూడలేదు. తెలిసిన సంగతి మీద ఆయన మనసులోనే ఒక గోనెపట్టా కప్పేశాడు. ఆట అయ్యాక ఆయనకి శాలువా కప్పారు.

ఆ శాలువా బరువు గురువులు గారి మీద పడింది. రాయగడ తెలుగువాళ్ళకి ఉన్న ఒకే ఒక్క పురోహితుడాయన. డెబ్భై దాటాయి, భార్య పోయింది, పౌరోహిత్యం తప్ప మరో ఆధారం లేదు. మర్నాటి నుంచి ఊళ్ళో ప్రతివాళ్ళూ ఆయన చేయించిన తమ పెళ్ళిలో ఏం జరిగిందో ఏమో అని తలపట్టుకున్నారు. పిల్లలు లేనివాళ్ళకి కారణం దొరికింది, ఎక్కువమంది ఉన్నవాళ్ళకీ దొరికింది. చంద్రశేఖరం డీవీడీని పసుపుగుడ్డలో చుట్టి, ఇంట్లో టీవీలో వేస్తే అరిష్టమని గోదాములో దాచాడు. పార్వతీపురం నుంచి వేరే పంతుల్ని పిలిపించి శాంతి చేయించాడు. ఆయన ఆ డీవీడీ మీద కూడా మంత్రజలం చల్లి వెళ్ళాడు.

త్రినాథరావుకి మాత్రం రోజులు మారిపోయాయి. మేనమామ మనవరాలు బుల్లి బారసాలకి ఆయన్ని పిలిచి మరీ సాంబారు బకెట్టు చేతికిచ్చారు. ఇక తప్పక కుడిచేత్తో వడ్డించాడు. ముగ్గురి ఒళ్ళు తడిశాయి. నాలుగో ఆయన విస్తట్లో పడాల్సిన ములక్కాడ ఐదో ఆయన జేబులో పడింది. ఎవరూ ఏమీ అనలేదు. "వీడియోలో బాగానే వడ్డించేడు. ఇవాళ సెయ్యి నొప్పేమో పాపం" అని పంచెలు పిండుకున్నారు. తమ ఒళ్ళో పడ్డ సాంబారు కంటే గోడ మీద చూసిన బొమ్మే వాళ్ళకి నిజం.

పది రోజులకి గురువులు గారు త్రినాథరావు కొట్టుకి వచ్చారు. మనిషి సగమైపోయారు. బల్ల ముందు నిలబడి, చెయ్యి చాపి అరచెయ్యి తెరిచారు. అందులో బాల్‌పెన్నుతో 'కుడి' అని రాసుకుని ఉంది.

"ఇది కుడేనా నాయినా?"

త్రినాథరావు చేతిలోని టంకం కడ్డీ బల్ల మీద పెట్టేశాడు.

"నలభై రెండేళ్ళు సేయించేను. అందరికీ సరిగ్గానే సేయించేననుకున్నాను. కళ్ళతో సూసేక ఇంకేటి సెప్పను? ఈమధ్య అన్నం తినడానికి కూర్సుంటే ఏ సెయ్యో తెలక ఊరుకుంటన్నాను. నిన్ననే రాసుకున్నాను. రాసిన సెయ్యి సరైందో కాదో మళ్ళీ అనుమానం. నువ్వు యంత్రాలు సేసీవోడివి, సెప్పు. బంధుగాంలో మేనల్లుడి దగ్గరికి పోతన్నాను. అక్కడ ఎవరికీ ఏటీ సేయించను. తినడానికి మాత్రం తెలియాలి కదా."

"కుడే పంతులుగారూ" అన్నాడు త్రినాథరావు. గురువులు గారు అదే పదివేలన్నట్టు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. పుర్రచేతివాడిని అడిగి మరీ కుడి తెలుసుకుని వెళ్ళిన బ్రాహ్మణ్ణి చూసి త్రినాథరావుకి ఏడుపొచ్చింది. కొట్టు మూసి ఇంటికి నడిచాడు.

వంటింట్లో సత్యభామ అట్లు పోస్తోంది. ఆయన పీట మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు. పలక ఎలా తిప్పాడో చేతులతో చూపించాడు.

సత్యభామ అట్లకాడ ఆపి వింది. "అంటే పెనం తిప్పేవు" అంది. పెనాన్ని పట్టకారుతో పట్టుకుని పొయ్యి మీదే గిర్రున తిప్పింది. "ఇదిగో, ఎంత తిప్పినా పైనున్నది పైనే ఉంది. అట్టు తిరగెయ్యాల." అట్లకాడ తోసి అట్టు తిరగేసింది. ఎర్రగా కాలిన వైపు పైకొచ్చింది.

త్రినాథరావు ఆ అట్టుకేసి చూస్తూ ఉండిపోయాడు. పలక తలకిందులు కావాలి, దాని ముఖం కూడా దీపం వైపుకి పోవాలి. జనానికి వీపే చూపించాలి. "ఆవేళే ఎందుకు సెప్పలేదే?" అన్నాడు.

"నా పైటా కుడిబుజం మీదే ఉంది గోడమీద. ఆడోళ్ళందరం సూసేం. మమ్మల్నెవరడిగేరు?" అని ఆవిడ రెండో అట్టు పోసింది.

మర్నాడు ఆయన చంద్రశేఖరం దగ్గరికెళ్ళాడు. నిజం చెబుదామనే వెళ్ళాడు. గుమ్మంలోనే "రారా త్రినాథం" అని ఆప్యాయంగా పిలిచేసరికి మాట మార్చేశాడు. "సాంతి ఫలించిందో లేదో మరోసారి వేసి సూద్దాం మావయ్యా" అన్నాడు. బొమ్మ సరిగ్గా పడితే వాళ్ళకే అర్థమవుతుంది, గురువులు గారు బయటపడతారు, తను ఒప్పుకోనక్కర్లేదు. ఎంత తెలివో!

ఆదివారం గోదాము మళ్ళీ నిండింది. బంధుగాం బస్సెక్కబోతున్న గురువులు గారిని సత్యభామ బతిమాలి తీసుకొచ్చి ద్వారం దగ్గర బస్తా మీద కూర్చోబెట్టింది. త్రినాథరావు పలకని అట్టులా తిరగేసి దీపం వెలిగించాడు. జంధ్యాలన్నీ ఎడమ భుజం మీదికొచ్చాయి. అక్షింతలు కుడిచేతి నుంచి పడ్డాయి. పైటలు సర్దుకున్నాయి.

చంద్రశేఖరం కళ్ళు చెమర్చాయి. "సూసేరా, సాంతి ఎలా పనిచేసిందో! పార్వతీపురం పంతులు సామాన్యుడు కాడు" అన్నాడు. గోదాము దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ద్వారం దగ్గర గురువులు గారు కూడా కొట్టారు.

త్రినాథరావు పెట్టె మూత తీశాడు. "సాంతీ లేదు ఏటీ లేదు మావయ్యా, ఇది పలక తిప్పడం" అని పలక లాగి మొదటిలా పెట్టాడు. అందరూ ఎడమచేతివాళ్ళయిపోయారు. తిరగేశాడు. కుడిచేతివాళ్ళయ్యారు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిరగేశాడు.

"సూడండి, సాంతి సేయించేక ఎలా మాటింటోందో! ఇదివరకు ఇనీదా?" అన్నాడు చంద్రశేఖరం.

గురువులు గారు సంచి చంకన పెట్టుకుని లేచారు. సరిగ్గా అప్పుడే గోడ మీదికి పులిహోర పంక్తి వచ్చింది. త్రినాథరావు డీవీడీ ఆపాడు. పదడుగుల త్రినాథరావు బేసిను కుడిచంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో నిండుగా పులిహోర తీసి వడ్డించబోతూ ఆగిపోయాడు. ఆ ముఖంలో ఆనందం గోదాము చివరి బస్తా దాకా కనిపిస్తోంది.

"సూడండి" అన్నాడు కింద ఉన్న త్రినాథరావు. "అది నా సెయ్యి. నానే వడ్డించేను, ఎడమసేత్తో, అంతమందికీ. ఆ తప్పు నాదే. నాది పుర్రసెయ్యని ఈ ఊళ్ళో తెలీనోళ్ళు లేరు. మొన్న మీ ఒళ్ళో సాంబారు పోసింది కుడిసెయ్యి, అది కూడా మీకు తెలుసు. మొన్న గోడ మీద కుడిసేత్తో అంత బాగా వడ్డించేనంటే అది అబద్ధం. నాది అబద్ధమైతే పంతులుగారిదీ అబద్ధమే. సాంతి సేయిస్తే నా సెయ్యి మారిపోద్దా? మా తాత కట్టేస్తే మారలేదు, మాస్టారు కొడితే మారలేదు!"

త్రినాథరావు ఎడమచేతివాటం మీద ఆ ఊళ్ళో ఎవరికీ ఏనాడూ అనుమానం లేదు. ములక్కాడ జేబులో పడ్డ ఆయన, "నిజవేనండీ. ఆ కుడిసెయ్యి సేసిన పని కాదది" అన్నాడు.

"నా పైట గురించి నాను ఆవేళే సెప్పేను" అంది బాలామణి.

చంద్రశేఖరం లేచి ద్వారం దాకా నడిచి, గురువులు గారి చంకలోంచి సంచి తీసి తను పట్టుకున్నాడు. "గురువారం కొట్లో పూజుంది పంతులుగారూ. మీరే సేయించాల" అన్నాడు. క్షమించమని అనడం ఆయనకి రాదు. అంతే వచ్చు.

"త్రినాథం, ముందుదొకసారి వెయ్యి నాయినా" అన్నారు గురువులు గారు. త్రినాథరావు అక్షింతల ఘట్టం వేశాడు. ఆయన గోడ దగ్గరగా వెళ్ళి, తన నిలువెత్తుకంటే పెద్దదైన తన కుడిచేతిని చూస్తూ, 'కుడి' అని రాసుకున్న అరచెయ్యి తెరిచి పక్కన పెట్టుకుని పోల్చుకున్నారు. తరవాత ఉమ్మితో తడిపి, బాల్‌పెన్ను అక్షరాలు పంచెకి తుడిచేసుకున్నారు.

గురువారం పూజ అయ్యాక కొట్టు వెనక వసారాలో విస్తళ్ళు వేశారు. మొదటి విస్తరి గురువులు గారిది. త్రినాథరావు అలవాటుగా మైకుసెట్టు కోసం చూశాడు. ఆవేళ మైకు పెట్టలేదు.

"పులిహోర త్రినాథాన్ని తెమ్మనండి" అన్నారు గురువులు గారు.

పంక్తి అంతా తలెత్తింది. త్రినాథరావు బేసినుతో వచ్చి వంగి, భయంభయంగా గరిటె కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

గురువులు గారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ సేత్తో వద్దు నాయినా, ఒలికిపోద్ది. నీ సేత్తో వడ్డించు."